చాటెడు తవుడు

సూర్యాపేటలో మా మునిమనవడు చదివే బడిలో మొన్న తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. వాడి తల్లికీ తండ్రికీ సెలవు దొరకలేదు. ఇంట్లో పనిలేకుండా కూర్చున్నది నేనొక్కడినే కనుక నన్ను పంపారు. పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. మీసాలు ఇప్పుడిప్పుడే ముదురుతున్న వయసు. మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, "పాత రోజుల్లో ఈ సమస్యలే లేవండీ. తండ్రి కళ్ళతో చూస్తే చాలు, పిల్లలు మాట వినేవారు. ఇంటి నిండా ప్రేమే. ఇదిగో, మన మధ్య ఒక తాతగారున్నారు, ఆయన్నే అడగండి" అని నా వైపు చెయ్యి చాపాడు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండింది. ఏ రోజుల గురించయ్యా నువ్వు చెప్పేది? ఏ ఊళ్ళో, ఎవరింట్లో చూశావు? గట్టిగా అడగాలనే లేచాను. కానీ కోపం వస్తే నాకు గొంతు పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. కర్ర తీసుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

గేటు ముందు మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చిన తవుడు లారీ టైరు పంచరై ఆగి ఉంది. ఎండకు కాగిన టార్పాలిన్ కింద నుంచి ఆ వాసన. కాస్త తీపి, కాస్త ముక్కిపోయిన కమురు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అప్పుడే బడి వాచ్‌మన్ నవ్వుతూ, "ఎవల పిల్లగాడు తాతా? మస్తు హుషారున్నడు" అన్నాడు.

నేను ఆలోచించలేదు. నోరే అనేసింది. "పక్కింటోళ్ళ పిల్లగాడు."

మునిమనవడు నా చెయ్యి వదిలేశాడు. ఆటోలో నా పక్కన కూర్చోకుండా డ్రైవరు పక్కకు పోయి కూర్చున్నాడు. ఆనాటి నుంచి నేను పిలిస్తే ఊఁ అంటున్నాడు తప్ప నా ముఖం చూడటం లేదు. వాడికి జవాబు చెప్పాలి. ఆ మైకు ఆయనకూ చెప్పాలి. చూడబోతే ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటే.

మా ఊరు సూర్యాపేట నుంచి ఆత్మకూరు పోయే వైపు. నాకు ముందు మా అమ్మకు పుట్టినవాళ్ళెవరూ నిలవలేదు. పురుడు పోసిన బొంత ఆరకముందే మళ్ళీ గోతులు తవ్వాల్సి వచ్చేదట. అందుకని నేను పుట్టగానే ఊరి ముసలమ్మలు నన్ను పాత చాటలో పడుకోబెట్టి ఇంటి ముందు పెంటకుప్ప మీద పెట్టారు. ఎదురింట్లో వడ్లు దంచి బతికే ఆమె, ఏమీ ఎరగనట్టు, ఎటో పోతున్నట్టు ఆ దారిన వచ్చింది.

"గీ పిల్లగాడు ఎవలోడే? పెంట మీద పడున్నడు?"

"ఎవలోడో మాకేమెరుక" అన్నది మా అమ్మ. అలాగే అనాలి.

"అమ్ముతరా?"

"ఏమిస్తవ్?"

"చాటెడు తౌడిస్త."

"తీస్కపో. ఇగ వాడు నీవాడే."

ఆమె నన్ను ఎత్తుకుని తన గడప దాటించి, మళ్ళీ తెచ్చి అమ్మ ఒడిలో పెట్టి, "మా పిల్లగానికి జర పాలియ్యి చెల్లె, నాకు పాలు లెవ్వు" అన్నది. కొన్న పిల్లవాడు నిలుస్తాడని మా వైపు నమ్మకం. నాకు ముక్కు కూడా కుట్టారు. గడ్డం గీసుకునేటప్పుడు ఆ చుక్క ఇప్పటికీ అద్దంలో కనబడుతుంది. పేరు కూడా తవుడు మీదే పెట్టారు. ఊళ్ళో పిల్లలు ఆ పేరు పట్టుకుని ఎంత ఏడిపించారో నాకే తెలుసు, అందుకే దాన్ని ఇక్కడ రాయను.

ఆమెను నేను పెద్దమ్మా అనేవాడిని. భర్త లేడు, పిల్లలు లేరు. రోకలి పట్టీ పట్టీ ఆమె అరచేతులు ఎద్దు గిట్టల్లా ఉండేవి. దంచిన ఇళ్ళవాళ్ళు కూలి కింద తవుడూ నూకలే ఇచ్చేవారు. అంటే ఆ చాటెడు తవుడు ఆమె ఒక రోజు కష్టం. మిగిలిన తవుడును జల్లించి, వేయించి, కాస్త బెల్లం చిదిమి రొట్టె కాల్చేది. పెనం మీద అది మాడుతున్నప్పుడు వచ్చే వాసనకు నేను మా ఇంట్లో జొన్న గటక గిన్నె వదిలేసి పరుగెత్తేవాడిని.

రోకలి పైకి లేచి కిందికి దిగేలోపు రోట్లో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం లాగడం నా ఆట. ఒకసారి గోరు నలిగింది. "వేళ్ళు దంచి కూరొండుకోవాల్నారా నేను?" అని తిట్టి, ఆ వేలినే నోట్లో పెట్టుకుని రక్తం ఆపింది. ఇంకోసారి ఒళ్ళంతా తవుడు పూసుకుని గోడ పక్క నిలబడితే, తాటిచెట్టు దిగి వస్తున్న గౌడు కల్లు ముంత జారవిడిచి పరుగు లంకించుకున్నాడు. ఆయన పెళ్ళాం వచ్చి పంచాయితీ పెడితే పెద్దమ్మ, "నా పిల్లగాడు తెల్లగున్నడని నీకు కడుపుమంటనే" అన్నది. నేను కాకి నలుపు.

ఇవన్నీ చెబుతుంటే సుఖంగా పెరిగానని అనుకుంటారేమో. కాదు.

దొరల రాజ్యం చివరి రోజుల్లో, నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు, ఊరు ఊరంతా కుదురు లేదు. ఒక దిక్కు నుంచి గుంపులు వస్తున్నాయని, ఇంకో దిక్కు దళాలు తిరుగుతున్నాయని మాటలు. వడ్లున్న ఇల్లేదో తెలిస్తే దొర గడీ నుంచి మనుషులు వచ్చి కొలుచుకుపోయేవారు. రోకలి చప్పుడే ఆనవాలు. అందుకని ఆడవాళ్ళంతా ఎవరి వడ్లు వాళ్ళు మూటగట్టుకొచ్చి పెద్దమ్మ ఇంట్లోనే దంచేవారు. ఎప్పుడూ దంచే ఇల్లే కనుక ఎవరి వడ్లో పట్టుకునే దారి లేదు. దంచుతూ గుసగుసలు.

"సూర్యాపేట కాడ గుంపుల లారీలు దిగినయట."

"మొన్ననే దిగినయంటివి గదనే. ఇంక దిగుతనే ఉన్నయా?"

"నవ్వు నువ్వు. కోదాడ దాటి అవతలికి పోయినోళ్ళు పోయిండ్రు. మనమే ఉన్నం గీడ."

"పోతే పోదుం గని, నా బర్రెను నీ మొగుడు మేపుతడా?"

దొర బండి ఎక్కడికి పోయినా దాని ముందు ఒక మనిషి పరుగెత్తాలి. అదొక వెట్టి. ఆ వంతు మా నాయనకు పడింది. సూర్యాపేట దాకా పరుగెత్తి, తిరిగి పరుగెత్తి వచ్చేవాడు. ఒకసారి దారిలో పడిపోతే బండి తోలేవాడి ముల్లుకర్రతోనే లేపారట. ఆనాటి నుంచి ఆయన మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఆనాటి నుంచే ఆయన కూర్చోలేకపోయాడు కూడా. గడపలోకి వచ్చేవాడు, తువ్వాలు దులిపేవాడు, మళ్ళీ బయటికి పోయేవాడు. కుంటుతూ వాకిట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగేవాడు. ఆ తిరుగుడులో నేను అడ్డం వస్తే దెబ్బ. నీళ్ళ కుండ దగ్గర చప్పుడైతే దెబ్బ. నవ్వితే దెబ్బ.

దెబ్బల కన్నా నాకు ఇంకోటి ఎక్కువ తగిలేది. అమ్మ నన్ను నోరారా కొడకా అనేది. నాయన ఒక్కసారి కూడా అనలేదు. "ఓ దంపుడామె కొడకా, ఇటు రారా" అనేవాడు. ఎవరైనా ఇంటికి వస్తే, "గా ఎదురింటామె పిల్లగాడు" అని చూపించేవాడు. పది మందిలో ఆ మాట వింటే నాకు నేల చీలితే బాగుండుననిపించేది.

ఒకనాడు పొద్దున్నే గడీ జమేదారు మా వాకిట్లో నిలబడ్డాడు. చెప్పుల కిర్రు కిర్రు ఆయన కన్నా ముందు వచ్చేది.

"ఏందిరా, మోకాలు తగ్గలేదట?"

"తగ్గలే సారూ" అన్నాడు నాయన.

"ఎల్లుండి దొరవారు మిర్యాలగూడెం పోతున్నరు. ఉరకాలె మరి."

మిర్యాలగూడెం అంటే సూర్యాపేట కాదు. ఆ మోకాలితో అంత దూరం ఉరికితే మనిషి తిరిగి రాడని అక్కడున్న అందరికీ తెలుసు. జమేదారు నా వైపు చూశాడు.

"దూడల కొట్టంల పిలగాడు కావాలె. వీణ్ణి ఇడువు. గాడనే తింటడు, గాడనే పంటడు. నీ వంతు తీసేపిస్త."

దూడల కొట్టంలోకి పోయిన పిల్లలు మీసాలు వచ్చినా బయటికి రాలేదు. అమ్మ చింతపండు వలుస్తూ కూర్చుంది. ఆమె వేళ్ళు ఆగాయి. అంతే, నోరు విప్పలేదు. నాకిప్పుడు తెలుసు, ఆమె ఎవరి వైపు మాట్లాడాలి? ఒక వైపు మొగుడి ప్రాణం, ఒక వైపు నేను.

"రేపు పొద్దుగాల తీస్కపోండ్రి" అన్నాడు నాయన, గోడ వైపు తిరిగి.

నేను ఏడ్చుకుంటూ ఎదురింటికి ఉరికాను. పెద్దమ్మ దంచుడు ఆపి అంతా విన్నది. "మూతి తుడ్సుకో" అన్నది. రొట్టె ముక్క చేతిలో పెట్టింది. మళ్ళీ రోకలి అందుకుంది. నాకది చాలలేదు. ఆ పగలంతా నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య తిరిగాను, మా నాయన లాగే.

మర్నాడు జమేదారు వచ్చేసరికి ఆమె మా గడప మీద కూర్చుని ఉంది, రోకలి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని.

"లెవ్వు, తొవ్వ ఇడువు" అన్నాడు జమేదారు.

"ఎవలికోసం వచ్చినవ్ జమేదారూ?"

"పిలగాని కోసం. వీని నాయిన ఇస్తనన్నడు."

"నాయిన ఎవలు? నా పిల్లగాన్ని ఇయ్యనీకె ఈయన ఎవలు? చాటెడు తౌడుకు కొన్న. ఊరంత సూసింది. అడుగు పో."

జమేదారు పెద్దగా నవ్వాడు. "తౌడు బేరం పట్టుకొని గడీకి ఎదురు మాట్లాడుతున్నవా ముసలిదానా?"

"నేను గడీకి ఎదురు మాట్లాడతలేనయ్యా. దొరసానమ్మను అడిగి రమ్మంటున్న. సిన్నదొరను పెంట మీద పెట్టి సాకలామెకు అమ్మింది ఆ తల్లే గద? ఆయన ముక్కుకు చుక్క లేదా? కొన్నామెను అడగకుంట పిల్లగాన్ని ఇంకొకలకిస్తే ఏమైతదో ఆమెకు ఎరుకే. అట్లాంటి పిల్లగాన్ని ఆమె కొట్టంల కట్టేపిస్తదా? పోయి అడిగి రా. సరేనంటే నేనే తోల్కొచ్చి ఇడుస్త."

జమేదారు నవ్వు ఆగిపోయింది. గడీలో కూడా పిల్లలు పోయారు. చిన్నదొర ఒక్కడే నిలిచాడు, అదీ చాటెడు తవుడు మీద. అలాంటి బేరం తప్పించే మాట దొరసాని చెవిన వేస్తే, రేపు చిన్నదొరకు తుమ్ము వచ్చినా తన నెత్తికే చుట్టుకుంటుంది. చెప్పుల కిర్రు కిర్రు వెనక్కి పోయింది. మళ్ళీ నా కోసం రాలేదు.

నేను ఎగిరి గంతేశాను. నాయన మాత్రం పిచ్చివాడయ్యాడు. కుంటుకుంటూ ఎక్కడికో పోయి, ఎవరి దగ్గరో అడుక్కుని, ఒక చాట నిండా తవుడు తెచ్చి పెద్దమ్మ కాళ్ళ ముందు కుమ్మరించాడు.

"గిదో నీ తౌడు. బేరం ఖతం. ఇగ వాడు నావాడు. రేపు ఉరికి సచ్చేది నువ్వు కాదు, నేను."

"నేను అమ్ముతనని ఎవలన్నరు?" అన్నది ఆమె. "కొనేటోడుంటే సాలదు, అమ్మేటోళ్ళు సుత ఉండాలె గదరా."

ఈలోగా మా కోళ్ళు, ఎదురింటి కోళ్ళు అన్నీ వచ్చి ఆ తవుడు మీద పడ్డాయి. నాయన వాటిని తోలబోయి, మోకాలు మడతపడి ఆ తవుడులోనే కూలబడ్డాడు. ఒక పుంజు ఆయన తొడ మీద నిలబడి పొడుచుకు తింటోంది. ఆయన దాన్ని కొట్టలేదు. చేతులు కింద ఆనించి, తల వంచి, పిల్లవాడిలా ఏడ్చాడు. నాయన ఏడవడం నేను చూసింది అదే. అప్పుడు అమ్మ చింతపండు పక్కన పెట్టి లేచి వచ్చి, "ఆమె ఇయ్యనన్నది గద. ఇగ ఆ మాట ఇడిసిపెట్టు" అన్నది. ఆ రెండు రోజుల్లో ఆమె మాట్లాడింది ఇంతే.

పెద్దమ్మ కోళ్ళకు మిగిలిన తవుడు ఎత్తి, పెనం మీద వేడి చేసి, గుడ్డలో మూటకట్టి నాయన మోకాలికి కాపడం పెట్టింది.

"అక్కా, కాలుతుంది" అన్నాడు నాయన.

"కాలనియ్యి. నిన్ను సుత తౌడు పెట్టే కొనాల్సొచ్చె."

ఏడుస్తున్న ఆయన అంతలోనే నవ్వాడు.

ఆమె తమ్ముడు కోదాడ అవతల మేళ్లచెరువు దిక్కున సున్నం బట్టీలో పనిచేసేవాడు. సున్నం బండ్లు సూర్యాపేట అంగడికి, మా వైపు ఊళ్ళకు వచ్చి, అమ్ముకుని ఖాళీగా తిరిగిపోయేవి. ఆ సాయంత్రమే నాయనను ఒక బండి మీద పంపింది. తల నుంచి కాళ్ళ దాకా సున్నం పులిమితే ఆయన బట్టీ కూలివాడిలాగే ఉన్నాడు. బండి కదులుతుంటే నేను వెంట ఉరికాను. ఈసారన్నా అంటాడేమోనని. ఆయన వెనక్కి తిరిగి, "ఓ దంపుడామె కొడకా, వెనుకకు పో" అన్నాడు.

నేనూ అమ్మా ఆ రోజుల్లో ఎదురింట్లోనే ఉన్నాం. అమ్మ కూడా రోకలి పట్టింది. దంచుకోవడానికి వచ్చినవాళ్ళు, అడగకుండానే, వాళ్ళ నూకల్లో ఒక దోసెడు మా కుండలో వేసి పోయేవారు. ఎవరూ మాకు సాయం చేస్తున్నామని అనలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచి చెప్పలేదు. చింతచిగురు పులుసులో నూకల అన్నం కలిపి ఇద్దరు తల్లులూ చెరో వైపు నుంచి ముద్దలు పెట్టి, వాడు నా చేత్తోనే తింటాడంటే నా చేత్తోనే తింటాడని కొట్లాడుకునేవారు.

కొన్నాళ్ళకు కాలం మారింది. దొర పట్నం పోయాడు, గడీ తలుపులకు తాళం పడింది. నాయన తిరిగి వచ్చాడు, చేతులు సున్నానికి పగిలి, మోకాలు కాస్త నయమై. నన్ను చూసి, "దంపుడామె కొడుకు పెరిగిండే" అన్నాడు. దెబ్బలు తగ్గాయి, మానలేదు. నేను సూర్యాపేట అంగడిలో మూటలు మోశాను. పొట్లాలు కట్టే కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. బడి ముఖం చూడలేదు.

నా పెళ్ళి కుదిరినప్పుడు పెద్దమ్మ చాట తెచ్చింది. పెళ్ళికి ముందు కన్నవాళ్ళు తవుడు తిరిగి ఇచ్చి పిల్లవాడిని తమ ఇంటి పేరున తెచ్చుకోవడం మర్యాద. "తీస్కో తమ్మీ, ఇప్పుడు ఇస్త నేను" అన్నది ఆమే. నాయన పందిట్లో అందరి ముందూ తల అడ్డంగా ఊపాడు. "ఉండనియ్యక్కా. నీ కాడనే ఉండనియ్యి."

పందిరి కింద కూర్చున్న నాకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొడుకును తిరిగి ఇస్తానన్నా వద్దన్న తండ్రి. ఆ తర్వాత నేను ఆయనకు తిండి పెట్టాను, బట్ట పెట్టాను, మాట పెట్టలేదు. పెద్దమ్మ పోయినప్పుడు తలకొరివి నేనే పెట్టాను. అందరికన్నా దూరంగా నిలబడి చూసి, అందరికన్నా వెనక ఇంటికి పోయాడు ఆయన.

చివరికి ఆయన సూర్యాపేట దవాఖానలో పడ్డాడు. ఒక మధ్యాహ్నం నర్సు మందు ఇస్తూ, "ఈయన నీకేమైతడు పెద్దయ్యా?" అని అడిగింది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, "మా ఊర్ల దంపుడామె కొడుకు" అన్నాడు.

నేను వరండాలోకి పోయాను. నిలబడలేక మళ్ళీ వచ్చాను. కోపం వస్తే పెగలని గొంతు ఆ రోజు పెగిలింది.

"సచ్చేటప్పుడన్నా ఒక్కసారి కొడకా అంటే నీ సొమ్మేం పోతది నాయినా?"

ఆయన చెయ్యి ఎత్తి నా నోరు మూయబోయాడు. అందలేదు.

"మెల్లగ. మెల్లగ మాట్లాడు. వింటది."

"ఎవలు?"

ఆయన కాళ్ళ వైపు, మంచం చివరకు చూపించాడు. అక్కడ ఎవరూ లేరు.

"నీ ముందటోళ్ళను కొడకా, బిడ్డా అనే పిలిసిన. నా ఒళ్ళె పెట్టుకొని పిలిసిన. పిలిసినోళ్ళను పిలిసినట్టే తీస్కపోయింది. నిన్ను అనలే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు నిలిసినవ్."

ఆ మాటతో ఆయన దెబ్బలు మాఫీ అయ్యాయని నేను చెప్పను. చెయ్యి లేచిన ప్రతిసారీ దానికి వేరే కారణం ఉంది, ఆ కారణం నేను కాదు, ఆ శిక్ష నాది కాదు. నా జీవితంలో సగం ఆ ఒక్క మాట లేక ఉక్కిరిబిక్కిరయ్యాను. ముందే నా చెవిలో చెప్పి ఉండొచ్చు కదా అని నాకు ఇప్పటికీ కోపమే. మైకు ఆయనా, మా ఇళ్ళలో ప్రేమ ఉండేది నిజమే. అది ఇలా ఉండేది. దాన్ని పట్టుకుని వేలాడుతూ మేం బతికామంటే, మధ్యలో రోకలి అడ్డం పెట్టుకుని గడపలో కూర్చున్న మనిషి ఒకామె ఉంది కనుక.

పోయిన వానాకాలం మా మునిమనవడికి జ్వరం వచ్చి దవాఖానలో పడుకోబెట్టారు. సీసాలు ఎక్కించారు. వాడు లేచి ఇంటికి వచ్చి ఆడుకుంటున్నాడు, అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. అప్పటి నుంచి ఎవరైనా వాడు ఎవరని అడిగితే నా నోరు మావాడే అనడానికి తిరగడం లేదు. నాకు ఆ నమ్మకాలు లేవు. పేపర్లు చదువుతాను, వాదిస్తాను, లేవని అందరికీ చెబుతాను. నోరు వినదు.

వాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అయినా ఇది వాడే చదవాలి, ఇంకెవరూ చదివి చెప్పకూడదు. మా నాయన లాగా నేను చివరి దాకా ఆగను. చదివాక వాచ్‌మన్‌కు ఏమని చెప్పాలో వాడినే చెప్పమంటాను. వాడు ఎలా చెప్పమంటే అలా చెబుతాను, గట్టిగా, మంచం చివర ఎవరు వింటే వాళ్ళు వినేలా.